ఒక్కటే ఖాళీ

2012 ఫిబ్రవరి ఇరవై ఒకటి, క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు వచ్చే పాన్‌కేకుల మంగళవారం. నిమ్మకాయ పిండి, పంచదార చల్లిన పాన్‌కేకు ఊనా నోట్లో ఉండగానే, నెరిసిన జుట్టు వడ్రంగి ఫింటన్ ఆమెను పైకి జరిపి తెరిచే ఒక పాత కిటికీ ముందు నిలబెట్టాడు.

"నాలుగంతస్తుల భవనాలు గీశావటగా. ఇదొక్కటి తెరువమ్మాయ్, చూద్దాం."

ఎంత నెట్టినా కదల్లేదు. ఆయన చెక్కకు చెవి ఆనించి, వేలితో తట్టి, ఒకచోట చిత్రికతో రెండు పొరలు లేపాడు. చిటికెనవేలితో నెడితే కిటికీ పొగలా పైకి లేచింది. ఊనా నమలడం మరిచిపోయింది.

ఐర్లండ్‌లో ఇళ్ల కట్టుబడి కుప్పకూలి అప్పటికి నాలుగేళ్లు. ఆర్కిటెక్టు పట్టా ఉన్న ఊనాకు దొరికింది సూపర్‌మార్కెట్‌లో వారానికి రెండు పూటల పని. అదీ పోయాక, నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్లు ఆ భృతి మీదే పనిచేసేలా సర్కారు పెట్టిన ఇంటర్న్‌షిప్ పథకంలో తొమ్మిది నెలలకు లిస్టోవెల్ ఊళ్లోని ఈ కిటికీల షెడ్డుకు వచ్చింది. యజమాని డెక్లన్ ఎప్పుడూ ఇళ్లకు కిటికీలు బిగిస్తూ బయటే. పని నేర్పిందంతా ఫింటనే. వేసవి వచ్చేసరికి ఆమెకు భవనాల మీద బెంగ పోయింది. ఇక్కడే ఉండనిస్తే చాలనుకుంది.

భృతి కోసం పోస్టాఫీసు వరసలో నిలబడితే, తరచూ ముందు ఆయనే కనబడేవాడు. ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో ఉన్న అక్కకు ఉత్తరం వెయ్యాలనేవాడు.

"వారం వారం ఏం రాస్తారండీ?"

"నీ తప్పులే. కాగితం చాలడం లేదు."

నవంబరులో గడువు ముగిసిన సాయంత్రం డెక్లన్ వచ్చాడు.

"ఒక్క మనిషినే పెట్టుకోగలను, ఊనా. పెద్దాయన్ని అడిగితే నీ పేరే చెప్పారు. రేపట్నుంచి నువ్వు మా మనిషివి."

పథకం ముగింపు కాగితాల కవరు ఇచ్చి, ఆమె కాగితం మీద సంతకం చేసి కవరు పోస్టులో వెయ్యమని చెప్పి, వ్యాను ఎక్కి వెళ్లిపోయాడు.

ఊనా తడికళ్లతో ఫింటన్ దగ్గరకు పరిగెత్తింది. ఆయన తన ఉలిని గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"మరి మీకు?"

"నాకింకోటి ఉందిలే. పొద్దున్న చెక్క తేమకు ఉబ్బి ఉంటుంది. దాంతో తొందరపడకు."

కోటు తొడుక్కుని, పసిబిడ్డ నిద్రపోతున్న గది తలుపు వేసినట్టు, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లాడు.

ఊనా కవరు విప్పింది. లోపల కాగితాలు రెండున్నాయి. మొదటిదాని మీద సంతకం చేసి పక్కన పెట్టింది.

రెండోదానిలో ఇంటర్న్ పేరు ఫింటన్.