లోపలి గడియలు

"లోపలి గడియలన్నీ తీసెయ్. పడగ్గదిది, వంటగదిది, బాత్రూమ్‌ది. ఒక్కటీ మిగలకూడదు," అన్నాడు ఇంటాయన.

వడ్రంగి సంచి కింద పెట్టాడు. "బాత్రూమ్‌ది కూడానా సార్? చుట్టాలొస్తే ఇబ్బంది పడతారు."

"మా ఇంటికి ఇప్పుడెవరూ రారు."

ఇంటాయన గడ్డం మాసి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగుతాడు కాబోలు అనుకున్నాడు వడ్రంగి. బాత్రూమ్ తలుపుకి ఎదురుగా ఒక కుర్చీ, దాని మీద నలిగిన దిండు. కట్టుకున్న మనిషికి కాపలా కాసేవాణ్ణి వడ్రంగి ఇదే చూడటం.

ఆయన భార్య మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఉక్కపోస్తున్నా స్వెట్టర్ విప్పలేదు. ఎడమ మణికట్టు దగ్గర, స్వెట్టర్ అంచు కింద కట్టు కనిపిస్తోంది.

వడ్రంగి స్క్రూలు విప్పుతున్నంతసేపూ ఇంటాయన పక్కనే నిలబడ్డాడు. ఊడిన ప్రతి గడియనీ అందుకుని జేబులో వేసుకున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది.

"ఆఫీసు నుంచి. నేనొచ్చేదాకా ఇక్కడే ఉండు. ఆవిణ్ణి ఎక్కడికీ పోనివ్వకు," అని వరండాలోకి వెళ్లాడు.

వడ్రంగి గొంతు తగ్గించాడు. "చేతికేమైందమ్మా?"

"పిల్లి గీరింది."

ఇల్లంతా తిరిగి పనిచేశాడు. పిల్లి కాదు కదా, దానికి పాలు పోసే గిన్నె కూడా కనిపించలేదు. వడ్రంగి అక్క కూడా ఇలాగే ఏదో ఒకటి చెప్పేది. మెట్ల మీంచి జారానని, తలుపు తగిలిందని. ఇంట్లో అందరూ నమ్మారు. చివరికి అక్క శవమై పుట్టింటికొచ్చింది.

"ఆయనేనా?" అన్నాడు.

ఆమె స్వెట్టర్ చేతిని కట్టు మీదికి లాక్కుంది.

"పోలీసులకి నేను చెప్పనా?"

"వద్దు." అప్పుడు మొదటిసారి అతనివైపు తిరిగింది. "ఒక్క గడియ ఉంచన్నా. బాత్రూమ్‌ది. కాసేపైనా నన్నెవరూ చూడకుండా ఉండాలి. అంతకంటే ఏమీ అడగను."

అన్నా అన్న పిలుపుతో అతని మనసు కరిగిపోయింది. సంచిలోంచి చిన్న గడియ తీసి, బాత్రూమ్ తలుపుకి లోపలివైపు అడుగున, వంగి చూస్తే తప్ప కనిపించని చోట బిగించాడు. ఆమె రెండు చేతులూ జోడించింది.

ఇంటాయన తిరిగొచ్చి తలుపు మీద పాత గడియ తాలూకు కన్నాల్ని తడిమి చూశాడు. "అన్నీ తీసినట్టేనా?"

"అన్నీ తీశాను సార్."

సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చాడు. వడ్రంగి మెట్టు దిగబోయి ఆగాడు. ఈసారి నోరు మూసుకుని పోవాలనిపించలేదు.

"చెప్పేంత పెద్దవాణ్ణి కాదు సార్. కానీ ఒక ఆడమనిషి బాత్రూమ్‌లో గడియ కూడా పెట్టుకోకూడదంటే, అది ఇల్లెలా అవుతుంది? మీరూ మనిషేగా."

కోప్పడతాడనుకున్నాడు. ఆయన కోప్పడలేదు. గోడకి ఆనుకుని, అరచేతులతో మొహం గట్టిగా రుద్దుకున్నాడు. లోపల బాత్రూమ్‌లో నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది.

"మొన్న ఆ తలుపు పగలగొట్టేసరికి, ఆమెకి కొనఊపిరే మిగిలుంది."