పద్నాలుగో ఎత్తు

“ఏటి భయ్యా ఇది? గెలిచే ఆటని ఎవులైనా ఒదిలేస్తారా?”

చిట్టితల్లి కాగితాన్ని పొరుగింటి పైడిబాబు ముక్కు కిందికి తోసింది. నిరుటి చెస్ ఫైనల్లో అతను గణేశ్వరరావుతో ఆడిన ఎత్తులన్నీ అందులో వరసగా ఉన్నాయి. అతను ఆట మొదలుపెట్టిన తీరు నచ్చి, వారం రోజులుగా ఆ ఒక్క ఆటనే అరగదీస్తోంది పిల్ల. పద్నాలుగో ఎత్తులో తెల్లగుర్రం దూకితే చాలు, గణేశ్వరరావు మంత్రి గల్లంతు. సరిగ్గా అక్కడే పైడిబాబు ఓటమి ఒప్పేసుకున్నాడు!

పైడిబాబు వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

“రేపు ఆయనతో ఫైనలుకి ఎల్లకు. జొరమని చెప్పేయ్.”

“అరే, ఎందుకు? ఫోన్లో చెక్ చేశాను, పక్కా గెలుపు. గెలిస్తే ఈ దీవులు దాటి, ఓడెక్కి మెయిన్‌లాండ్ పోటీలకి పోతాను!”

“ఓడిపోతున్నానని తెలిస్తే ఆయన నోరు తెరుస్తాడే. మనోళ్ల పడవల పర్మిట్లన్నీ ఆయన చేతిలోనే కదా.”

“మరి తీర్పు చెప్పే ఆర్బిటర్‌కి చెప్పలేదేటి?”

“మండల్ సాబ్‌కా? ఆయనకి తెలుగు ముక్క రాదు. గణేశ్వరరావేమో తెలుగులో, నవ్వుతూ బెదిరించాడు. నాకెవులు సాక్షి?”

చిట్టితల్లికి భయం వేసింది. అయినా మొండిఘటం కదా! “నేనైతే అక్కడికక్కడే హిందీలో చెప్పేస్తాను” అని లేచి వచ్చేసింది.

మర్నాడు డెలానీపూర్ హాల్లో గణేశ్వరరావు ఎంతో ఆప్యాయంగా చెయ్యి కలిపాడు.

“నూకన్న కూతురివి కదూ? ఇంత గాలిలో మీ నాన్నని వేటకెందుకు పంపావమ్మా?”

పక్కనే ఉన్న మండల్ సాబ్ చిన్నగా నవ్వాడు. అర్థం కాకపోయినా మర్యాదకి నవ్వాడు కాబోలు అనుకుంది చిట్టితల్లి.

ఆట మొదలైంది. ఒక్కో ఎత్తూ అచ్చం కాగితంలో ఉన్నట్టే పడుతోంది. నిరుడు మంత్రి చిక్కుకున్న దారిలోకే మళ్లీ తెలిసి తెలిసి ఎందుకొస్తున్నాడీయన? పదమూడో ఎత్తు అయ్యింది. చిట్టితల్లి గుర్రం వైపు చెయ్యి చాచింది.

గణేశ్వరరావు ముందుకు వంగాడు. మొహంలో నవ్వు చెదరలేదు.

“మీ నాన్న పడవ ఇంకా ఒడ్డుకి రాలేదుగా? పోకూడని దీవి వైపు పోయిందని నేనొక్క ఫోన్ కొడితే, పడవా పోతుంది, మనిషీ లోపలికి పోతాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోమ్మా.”

చిట్టితల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. అదే చేత్తో గడియారం ఆపి, లేచి నిలబడింది.

“సర్! యే ముఝే ధమ్కీ దే రహే హైఁ!”

హాలంతా ఇటు తిరిగింది. ఆయన బెదిరింపునంతా పొల్లుపోకుండా హిందీలో అప్పజెప్పింది. గణేశ్వరరావు మాత్రం తాపీగా మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాడు.

మండల్ సాబ్ అంతా శ్రద్ధగా విన్నాడు. “ఘబ్‌రావో మత్, బేటీ” అని, భయపడొద్దన్నట్టు భుజం తట్టాడు. చిట్టితల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి, చక్కటి తెలుగులో మెల్లగా అడిగాడు:

“నాన్న కావాలా, గుర్రం కావాలా తల్లీ?”