వచ్చే వారం రంగు

అన్న ఎవేలియో శవం కాలవలో దొరికింది. చేతులు వెనక్కి విరిచి నారింజ రిబ్బనుతో కట్టారు. ఆ రిబ్బను పట్టుకుని స్టేషనుకు వెళ్ళాను.

"ఎవరు చంపారు?" కాఫీ చప్పరిస్తూ అడిగాడు సార్జెంటు.

మా అరటితోటల సీమ ఉరబాలో అందరూ గుసగుసగా అనే మాట నేను గట్టిగానే అన్నాను. "పారామిలిటరీ వాళ్ళు. తోటల యజమానులు పెంచే తుపాకీ ముఠా."

"అలాంటోళ్ళు ఇక్కడ లేర్రా అబ్బాయ్. ‘గుర్తుతెలియని వ్యక్తులు’ అని రాస్తున్నా. మీ అన్నలాంటి యూనియన్ లీడరుకి శత్రువులకేం కొదవ?"

"గుర్తు తెలుసు సార్. తోటలో అరటి గెలలకి వారానికో రంగు రిబ్బను కడతాం. ఈ వారం నీలం. నారింజ వచ్చే వారానిది. అదింకా మేనేజరు బీరువాలోనే ఉంది, కూలీల చేతికి రాలేదు."

సార్జెంటు కలం ఆపాడు. రిబ్బను తీసుకుని వేళ్ళకు చుట్టుకున్నాడు.

"రిబ్బను కట్టిన గెలని ఏం చేస్తార్రా?"

"ఆ రంగు వంతు రాగానే నరుకుతాం."

"ఎన్నాళ్ళకి?"

"పన్నెండు వారాలకి."

అతను లేచి వచ్చి, ఆ రిబ్బనును నా కుడి మణికట్టుకు ముడివేశాడు, గెలకి కట్టినంత నెమ్మదిగా.

"గుర్తుతెలియని వ్యక్తులకి పన్నెండు వారాల ఓపిక ఉండదు," అన్నాడు. ‘గుర్తుతెలియని వ్యక్తులు’ అని రాసిన కాయితం నా ముందుకు జరిపాడు.

ఆ చేత్తోనే సంతకం పెట్టాను.