మజ్జిగకు మర్యాద

రెండు పురపాలికలూ కలిశాక, అవతలి ఊళ్లో మాటలు విని తీర్పు చెప్పే తగవుల పెట్టెలు మస్తానమ్మ వీధికీ వచ్చాయి. ఇరుగుపొరుగు పోట్లాడుకుంటే మధ్యలో గోడ లేపడం వాటి తీర్పు.

"నీ మొహం మండ, మజ్జిగ పొయ్యవే!" అంది మస్తానమ్మ ఎప్పటిలాగే.

"నీ జిమ్మడ, నిన్నటి గిన్నేదే?" అని పక్కింటి సుగుణ నవ్వింది.

పెట్టె దాన్ని తగవు కింద రాసుకుంది. వారంపాటు మర్యాదగా మాట్లాడుకుంటేనే గోడ ఆగుతుందంది.

ఏడోనాటికి మస్తానమ్మకు విసుగొచ్చింది. అయినా అడిగింది. "సుగుణగారూ, కాస్త మజ్జిగ ఇస్తారా?"

"అలాగేనండీ. లోపలికి రండి."

ముప్పయ్యేళ్లలో ఆ ఇంట్లోకి ఎవరూ ఆమెను పిలవాల్సి రాలేదు.

"పర్లేదండీ," అని మస్తానమ్మ గడప బయటే నిలబడింది.

తగవు తీరిందనీ, గోడ అక్కర్లేదనీ పెట్టె చెప్పింది.