మూలుగ బొమిక

వెంకయ్య దొడ్లో మాయమైన పొట్టేలు అంకమ్మరావు నోట్లో ఉంది. తిన్నాడని కాదు. పత్తి లారీలో గుంటూరు చేర్చి అమ్మేసి, విరిగిన ముందుపన్నుకు బంగారు తొడుగు వేయించుకున్నాడు.

కబడ్డీలో ఆ పన్ను విరిగిన దగ్గర్నుంచి అతనికి నలుగురిలో నవ్వాలంటే సిగ్గు. బంగారు పన్ను మీద మనసు పడింది గానీ చేతిలో చిల్లిగవ్వ లేదు. ఊరంతా మిరపకోతల్లో ఉండగా పని కానిచ్చాడు. దగ్గరికొచ్చిన వాణ్ణల్లా కుమ్మే పొట్టేలు, బెల్లం ముక్క చూపిస్తే బుద్ధిగా వెంట నడిచింది. ఇక తన మిరపకాయలు అమ్ముడుపోయి, ఆ డబ్బుతోనే పన్ను కట్టించుకున్నానని చెప్పుకునేదాకా నోరు మూసుకుంటే చాలు. అందుకే పంటినొప్పి అంటూ దవడ చుట్టూ తువ్వాలు బిగించుకుని తిరుగుతున్నాడు.

వెంకయ్య ఎవరో కాదు, అంకమ్మరావు భార్య సుబ్బరావమ్మకు స్వయానా అన్న. సంగతి బయటపడితే, అన్న దొడ్లో దొంగతనం చేసిన మొగుడితో ఆవిడ ఒక్క పూట కూడా కాపురం చెయ్యదు. అంకమ్మరావుకు ఆ భయంతో నిద్ర పట్టడం లేదు.

నాలుగో రోజు పొద్దున్నే వెంకయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చొక్కా వేసుకో బావా. గుంటూరెళ్లి పొట్టేల్ని పట్టుకుందాం."

"పోలీసులకు చెప్పకపోయావా?" అన్నాడు అంకమ్మరావు తువ్వాలు చాటునుంచి.

"స్టేషను చుట్టూ తిరిగేసరికి కళ్లంలో కాయలు బూజు పడతాయి. నా నాలుక చాలు. పత్తిగింజలూ కందిపొట్టూ పెట్టి మేపిన జీవం అది. గుంటూరు మొత్తం మీద ఏ హోటల్లో మాంసం అన్నిటికన్నా బాగుంటే, ఆ హోటల్లో మన పొట్టేలు పడ్డట్టే."

"నాలుగు రోజులైందిగా. ఈపాటికి ఎవరి కడుపులోనో అరిగిపోయుంటుంది."

"గిన్నెలకు రుచి పట్టుకునుండదా?"

ఇదేం లెక్కో అంకమ్మరావుకు అంతుబట్టలేదు. రానంటే అనుమానం. నోరు మూసుకుని ఎర్రబస్సెక్కాడు.

బస్టాండు పక్క హోటల్లో వేపుడు నోట్లో పెట్టుకుని వెంకయ్య కళ్లు మూసుకున్నాడు. "ఇది ముసలి మేక. మునిమనవల్ని కూడా చూసుకునే చచ్చింది" అన్నాడు. అరండల్‌పేట మెస్సులో పులుసు జుర్రి, "ఇందులో గుంటూరు కారం ఉంది, గుంటూరు నీళ్లున్నాయి, మాంసమే రాలేదు" అని తేల్చాడు. కొత్తపేటలో కైమా బాగానే ఉందన్నాడు గానీ, బాగానే ఉంటే సరిపోదన్నాడు. మనిషి సొత్తు పోగొట్టుకున్నవాడిలా లేడు. పెళ్లివారి విడిదికొచ్చినవాడిలా ఉన్నాడు.

ఎక్కడ కూర్చున్నా అంకమ్మరావు ముందు బొమికలు పెట్టిస్తున్నాడు. "కొరుకు బావా. పంటినొప్పికి బొమికను మించిన మందు లేదు" అంటున్నాడు. మధ్యమధ్య నవ్వించే కబుర్లొకటి. అంకమ్మరావు ముద్దను నోటి పక్కనుంచి లోపలికి తోసి మింగుతున్నాడు. నవ్వొస్తే దగ్గుతున్నాడు. ఊరంతా తిరిగినా ఆకలీ తీరలేదు, భయమూ తీరలేదు.

చివరికి పట్నంబజారు సందులో మీరా హుస్సేన్ హోటలు ముందు వెంకయ్య ఆగాడు. అంకమ్మరావు రెండడుగులు వెనక్కి వేశాడు. పొట్టేల్ని అమ్మింది అక్కడే.

"ఇక్కడ బాగుండదు బావా."

"నీకెలా తెలుసు? గుంటూరొచ్చి రెండేళ్లయిందని బస్సులో అన్నావుగా."

అంకమ్మరావు తువ్వాలు కళ్ల కిందిదాకా లాక్కుని లోపలికి నడిచాడు. అదృష్టం, మీరా హుస్సేన్ పోల్చుకోలేదు. "పొద్దుటినించీ సన్న సెగ మీద ఉడికిన మూలుగ బొమికలున్నాయండీ" అంటూ తనే తెచ్చి వడ్డించాడు.

ఒక్క ముక్క నోట్లో వేసుకున్నాక వెంకయ్య మాట్లాడటం మానేశాడు. అది చూసి ఆగలేక అంకమ్మరావూ ఒక ముక్క అందుకున్నాడు. మాంసం ఎముకను వదిలేసి వేళ్లలోకి జారింది. ముందు మిరియాల ఘాటు, ఆ వెనక కమ్మటి కొవ్వు. పొద్దుటినుంచీ బిగించిన దవడ దానంతటదే వదులైంది. ఈ తువ్వాలొకటి అడ్డమనుకుని పక్కన పడేశాడు. బొమికను రెండు చేతులా పట్టి, మూలుగను ఒక్క పీల్పున లాగాడు. భార్యా, బావా, భయం అన్నీ మర్చిపోయాడు.

"బతికితే ఇలాంటిది తిని బతకాలి బావా" అని నోరారా నవ్వాడు.

ట్యూబులైటు వెలుగులో పన్ను ధగధగలాడింది.

వెంకయ్య చేతిలోని బొమిక కింద పెట్టాడు. "పొట్టేలు దొరికింది" అన్నాడు.

అంకమ్మరావు బొమిక వదిలేశాడు. ఎంగిలి చేతులతోనే దణ్ణం పెట్టాడు. "తప్పైపోయింది బావా. ఈ పూటే ఈ తొడుగు పీకించి నీ చేతిలో పెడతాను. మీ చెల్లెలికి మాత్రం చెప్పొద్దు."

"పొట్టేలు పోయిన రోజే నీకు పంటినొప్పి మొదలైంది. నీ నోరు తెరిపించే వంట ఈ ఊళ్లో ఎక్కడుందా అని పొద్దుటినుంచీ వెతుకుతున్నా" అంటూ వెంకయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పీకించకు. అది నా పొట్టేలు కాదు బావా. నువ్వు నోటికి చెయ్యడ్డం పెట్టుకోకుండా నవ్వితే చూడాలని, నీకు బంగారు పన్ను కట్టించడం కోసం మా చెల్లెలు నీకు తెలియకుండా నా దొడ్లో మేపుకుంటున్న పొట్టేలు."