నీలిమందు కలిపిన తొట్టి

"తొట్టి నీళ్లు తోడుకపోతున్నది నువ్వే. ఇయ్యాల రుజువైతే ఇల్లు ఖాళీ చెయ్యాలె," అంటూ ఇంటి ఓనరు పిచ్చయ్య ఫజిలత్ కిరాయికుంటున్న ఇంట్లకు ఉరికొచ్చిండు. దొంగను పట్టాలని నిన్ననే తన తొట్టిలో బట్టల నీలిమందు కలిపిండు.

ఆమె బిందె వంచిండు. బోరింగు నీళ్లు, తేటగా ఉన్నయి. కాగులో గూడ అంతే.

"పొయ్యెనక చూడు పటేలా, అదొక్కటి ఎందుకు ఇడిసిపెట్టినవ్?" అన్నది ఫజిలత్.

వంగి చూసిండు. అవతల తొట్టిని ఆనుకున్న గోడ అడుగున నీలంగా చెమ్మ ఊరుతున్నది. చెయ్యి పెడితే మట్టి పెళ్ల ఊడొచ్చింది.

"గోడ నానుతున్నదని వానలప్పుడే చెప్తి. బిడ్డకు తానం పోసి నేనే తడుపుతున్ననంటివి," అన్నది ఫజిలత్.

"మేస్త్రీని పిలిపిస్త," అని గొణిగిండు పిచ్చయ్య.

"పిలిపియ్. ఈ గోడ పక్కన నా బిడ్డనైతే పండబెట్ట." నీలం అంటిన అతని చేతిలనే ఇంటి తాళంచెవి పడేసింది.