మృదంగం చోటు

కొత్తపేట గుడి హాల్లో కచేరీ. వయొలిన్ తీసుకుని వేదికెక్కి, గాయనికి కుడిపక్కన కూర్చున్నాను.

కొత్తగా వచ్చిన మృదంగం ఆయన, బ్రహ్మం గారు, మృదంగం ఎత్తుకుని నా ముందే నిలబడిపోయారు.

“అమ్మా, జర అటు కూసుంటరా? గిది మృదంగం జాగ గద.”

నిజమే. మృదంగం కుడిపక్క, వయొలిన్ ఎడమపక్క. ఎవర్నడిగినా అదే చెబుతారు.

“మా ఆయనది ఎడమచేతి వాటమండీ. ఆయన అటు కూర్చుంటేనే వాయించే చెయ్యి జనం వైపు ఉండేది. అందుకని మృదంగం ఆయనదైతే నేనే ఇటు మారేదాన్ని.”

మారినందుకు ఇంటికెళ్లాక సణిగేదాన్ని కూడా.

“సార్ రాలేదా ఇయ్యాల?”

“లేరండీ. ఉగాదికి ముందే పోయారు.”

బ్రహ్మం గారు ఏదో అనబోయారు. నేను లేచి, మైకు వైరు దాటి, అటు వెళ్లి కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. తీగలు శ్రుతి చేసుకున్నాను.

తలెత్తితే ఇందాక నేను కూర్చున్న చోటు ఎదురుగా కనిపించింది. అంటే ఇన్నేళ్లూ, మృదంగం వాయిస్తున్నంతసేపూ, మా ఆయన కళ్లెదుట నేనే ఉన్నాను.

ఆయన నన్ను చూసేవారో లేదో నాకు తెలియదు. వయొలిన్ భుజానికెత్తితే నేను కళ్లు మూసేసుకుంటాను.